నెత్తిన దూది, చేతిలో జిలేబీ

నలభై వేలు పోగొట్టుకుని, గెలిచాననుకుని జిలేబీ కొనుక్కుని ఇంటికి పోయిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. తీరిగ్గా చూసుకోండి.

అప్పుడు నేను ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో బండ్ల తూకం రాసేవాణ్ణి. కొత్తగా పెళ్లయింది. అంతకంటే కొత్తగా మోటారు సైకిలు కొన్నాను, అప్పు మీద. ఒకరోజు సేటు పిలిచి, “మిల్లు అమ్మిన తమ్మీ. రేపటి సంది రావద్దు,” అన్నాడు, చాయ్ తాగమన్నంత తేలిగ్గా.

ఉద్యోగం పోయిందన్న బాధ కంటే, సుజాతకు చెప్పాలన్న భయమే పెద్దది. బండి వద్దని మొత్తుకున్నది మా ఆవిడే మరి! రెండు కిస్తులు తప్పితే ఫైనాన్సు వాళ్లు బండి తీసుకుపోతారు. బండి లేకపోతే ఊరి చుట్టూ ఉన్న మిల్లులు తిరిగి పని వెతుక్కోలేను. అందుకని అప్పు తీరేదాకా ఇంట్లో నోరు విప్పకూడదనుకున్నాను. నా తెలివి అలాంటిది.

రోజూ టిఫిను డబ్బా పట్టుకుని పోయి బస్టాండులో కూర్చునేవాణ్ణి. ఒకటే చిక్కు. జిన్నింగు మిల్లు మనిషి నెత్తిన దూది లేకుండా ఇంటికి రాడు. మందుల దుకాణంలో దూది చుట్ట కొన్నాను. సాయంత్రం మా సందు మలుపులో ఇంత తుంచి నెత్తి మీదా, మీసాల మీదా చల్లుకుని, బండి అద్దంలో చూసి మురిసిపోయేవాణ్ణి.

ఇక అప్పు సంగతి. మా వాడలో అంజక్క ఇరవై మందితో లక్ష రూపాయల చిట్టి నడిపేది. నెలనెలా పాట పెట్టి, ఆ లక్షలో ఎక్కువ వదులుకున్నవాళ్లకు మిగతా సొమ్ము ఇచ్చేది. వాళ్లు వదిలిన సొమ్ము అందరికీ సమానంగా పంచేది. ఉద్యోగం ఉన్నప్పుడే సుజాతకు తెలియకుండా నేనూ ఒక చిట్టి వేశాను. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పదని అంజక్కకు పేరు. రాలేనివాళ్లు ఫోన్లో పాడవచ్చు. బస్టాండు నుంచి పాడాను.

“అంజక్కా, పదిహేను వేలు వదులుత.”

“ఇరవై అంటున్నరు తమ్మీ.”

“ఎవరక్కా?”

“గది అడగద్దు. పాడుతవా, లేదా?”

“ఇరవై ఐదు!”

“ముప్పై అన్నరు. వాళ్లకు శాన అవసరమున్నట్టుంది.”

“నాకంటె ఎక్కువనా? ముప్పై ఐదు!”

“ముప్పై ఎనిమిది అంటున్నరు. జర ఆలోచించుకో తమ్మీ.”

“నలభై! ఎవలొస్తరో రమ్మను!”

అవతలి పాట ఆగిపోయింది. “నీదే పో,” అంది అంజక్క. ఎందుకో నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించింది.

మిగిలిన అరవై వేలతో బండి అప్పు తీరిపోతుంది. పావుకిలో జిలేబీ కట్టించుకుని, దూది చల్లుకుని, దర్జాగా ఇంట్లో అడుగుపెట్టాను. సుజాత కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏమైంది?”

“ఏమైతది? చిట్టి లేపుదామనుకున్న. ఎవడో బద్మాష్ పాడి పాడి గుంజుకపోయిండు. వాని ఇల్లు కూల!”

నేను ఒకసారి మా ఇంటి కప్పు వంక చూశాను.

“నీకు చిట్టెక్కడిది? ఇప్పుడెందుకు లేపుడు?”

“నీ బండి అప్పు కట్టనీకి. నౌకరి పోయిందని నాకు తెల్వదనుకున్నవా?” అంటూ నా మీసం మీది దూది తీసి చూపించింది. “మిల్లు దూదిల గింజ తునకలుంటయి, ఆకు చెత్త ఉంటది. గింత తెల్ల దూది దవాఖానల ఉంటది. మొదటి దినమే తెలిసింది. నువ్వే చెప్తవని చూస్తున్న.”

ఆ చివరి మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. జిలేబీ పొట్లం ఆమె చేతిలో పెట్టి, “గా బద్మాష్ నేనే,” అన్నాను.

సుజాత పొట్లం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని నేరుగా అంజక్క ఇంటికి లాక్కుపోయింది.

“ఇద్దరం పాడుతున్నమని తెల్సి ఎట్ల ఊకున్నవక్కా?”

“నా చిట్టిల మొగడు పెండ్లాలు ఉండరు బిడ్డా, నంబర్లే ఉంటయి,” అంది అంజక్క. నేను వదిలిన సొమ్ములో సుజాత వాటా రెండు వేలు అక్కడే లెక్కపెట్టి ఇచ్చింది. ఆ నోట్లు చూశాక సుజాతకు నవ్వు ఆగలేదు.

“నీ తెలివికి నాకు రెండు వేలు గిట్టినయి. ఇగ పా, జిలేబీ సల్లారుతుంది.”

బండి దక్కింది. నెల తిరక్కుండా ఇంకో మిల్లులో పనీ దొరికింది. మిగిలిన దూది చుట్ట ఇప్పటికీ మా అలమరలో ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకుని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఉద్యోగం పోయినా, అప్పు మీద పడినా ముందు ఇంట్లోనే చెబుతాను. ఇక చిట్టి పాటంటారా, అవతల పాడేదెవరో తెలియకపోతే, ముందు మా వంటింట్లోకి తొంగిచూసి వచ్చాకే నోరు తెరుస్తాను.