బల్ల మీది ఎర్రంచు చీర

పదకొండేళ్ళ ఐదు నెలలుగా ఒక చీర బరువు మోస్తున్నాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర. తూకం వేస్తే అరకిలో కూడా ఉండదు. అయినా ఇక మోయలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇందులో వచ్చే ఇద్దరి పేర్లూ మార్చాను.

హిందూపురంలో లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక పెనుకొండలో ఉంటున్నాను. తేదీ తప్పడం, లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నేను చేసింది మరుపు వల్ల జరిగిందని మీరు అనుకోకూడదని చెబుతున్నాను.

పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి ఉంది. రెండు వార్డులు, ఒక కాన్పుల గది, వెనక ఒక పెంకుల గది. గురువారం గురువారం మేం ఐదారుగురు ఆడవాళ్ళం ఆ పెంకుల గదిలో కూర్చుని పసిపిల్లలకు బొంతలు కుట్టేవాళ్ళం. పుట్టిన బిడ్డను మొదట పాత చీర మీదే పడుకోబెట్టాలని మా వైపు పట్టింపు. కొత్త బట్ట గరుకు. పాతదైతే మెత్తన. అందులోనూ నిండుగా బతికిన అవ్వ కట్టి విడిచిన చీరైతే బిడ్డకు ఆయుష్షు అంటారు. అట్లాంటి చీర వెంట తెచ్చుకోలేని తల్లులకు మా బొంతలు. తాడిమర్రి వైపు నుంచి వచ్చేవాళ్ళకు, పనుల కోసం గాండ్లపెంట నుంచి వచ్చి ఇక్కడే కాన్పయ్యేవాళ్ళకు ఇచ్చేవాళ్ళం.

నాకు అక్కడ రెండు పనులు. ఒకటి, చీరలు కత్తిరించడం. కొలత తప్పకుండా కత్తిరిస్తాను కాబట్టి కత్తెర నాకే వదిలేశారు. రెండోది, నెలకొక వార్తల కాగితం రాయడం. కొత్తగా చేరిన నర్సు ఎవరు, ఎవరికి బదిలీ అయింది, ఏ ఊరి వాళ్ళు ఏం తెచ్చిచ్చారు, ఎన్ని బొంతలు కుట్టాం, ఎవరికి ఏ బిడ్డ పుట్టింది. అన్నీ రాసి ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన అంటించేదాన్ని.

ఆ కాగితానికి గొంతు ఇచ్చింది రమీజా. మా వీధి చివర ఇల్లు. పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. నాకోసం కిటికీ పక్క సీటు మీద తన సంచి వేసి ఉంచేది. ఆమెకు చదువు రాదు. బస్సులో నేను ఒకసారి చదివితే దిగేలోపు కంఠస్థం చేసేది. ఆసుపత్రిలో ముందు వార్డుకు వెళ్ళి, లేవలేని వాళ్ళకు వేడినీళ్ళు పట్టిచ్చి, తర్వాత ఓపీ ముందు నిలబడి గట్టిగా చెప్పేది. "ఇనండబ్బా! డాక్టరమ్మకు బదిలీ రాల్యా, మన తలరాత బాగుండాది! తాడిమర్రి పిల్లకు ఆడబిడ్డ, మూడు కేజీలకు ఒక్క గుక్క పాలు తక్కువ!" నేను రాసింది రెండు కిలోల తొమ్మిది వందల యాభై గ్రాములు. ఇదేమిటని అడిగితే, "నువ్వు రాసేది కాగితానికక్కా, నేను చెప్పేది మనుషులకు" అనేది. జ్వరంతో వంగి కూర్చున్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. బొంతలు కుట్టగా మిగిలిన పేలికలు సంచిలో వేసుకుని పోయి దిండ్లలో కూరేది. అవి ఆమెకేనని అందరికీ తెలుసు.

సుగుణ ఆ ఆసుపత్రిలో ఆయా. చురుకైన మనిషి. కోపం ఎంత త్వరగా వస్తుందో ఏడుపూ అంత త్వరగా వస్తుంది. కాన్పుల గదిలో భయపడే పిల్లల తల నిమురుతూ ఆమె చెప్పే మాటలు డాక్టరమ్మ మందుకంటే ముందు పనిచేసేవి. నాకూ ఆమెకూ ఒక్క విషయంలో పడేది కాదు. పెంకుల గదిలో కత్తిరించే బల్ల మీద తన టిఫిన్ డబ్బా పెట్టేది, తాళాలు పెట్టేది. నేను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను: "బల్ల మీద పెట్టినవి కత్తెరకే." ఆమె చదివి, "అయితే నా డబ్బా కూడా కోస్తావా టీచరక్కా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ గురువారం సుగుణ కూతురికి నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పు. ఆ సంగతి నాకు తెలియదు. ఇది నిజం. నేను గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద ముందురోజు ఉతికి ఆరేసిన చీరలు మడతపెట్టి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఇటుక రంగు చీర, ఎర్రంచు. మిగతా వాటి మడత వేరు, దీని మడత వేరు. కొంగు చివర పసుపు అంటించి ఉంది.

పసుపు చూశాను. ఈ మాట రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. పసుపు అంటించిన చీర అంటే ఎవరో తమ ఇంటి బిడ్డ కోసం దాచుకున్నదని నాకు తెలియదా? తెలుసు. నా తమ్ముడి పిల్లలకు నేనే అట్లా అంటించి ఇచ్చాను. ఇది సుగుణదే అయ్యుంటుందని కూడా అనిపించింది, ఎందుకంటే ఆ గదిలో బల్ల మీద వస్తువు పెట్టే మనిషి ఆమె ఒక్కతే. బయటికి వెళ్ళి ఎవరిదమ్మా అని అడిగితే పది అడుగుల పని. అడగలేదు. గోడ మీద రాసిపెట్టాను కదా, ఒకసారి పోతేగానీ బుద్ధి రాదు అనుకున్నాను. అనుకున్నానా, లేక ఇప్పుడు నా మీద నేనే నేరం పెంచి చెబుతున్నానా? ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. అనుకున్నాను. కత్తెర తీసి అంచు వేరుచేశాను. మిగతాది కొలిచి పది ముక్కలు చేశాను. ముక్కలన్నీ సమానంగా వచ్చాయి.

పదింటి బస్సుకు మిగతావాళ్ళు వచ్చారు. రమీజా కూడా వార్డు నుంచి వచ్చి పేలికలు ఏరుకుంటోంది. అప్పుడే సుగుణ పరిగెత్తుకొచ్చింది. మొహమంతా చెమట, నవ్వు.

"మనవడు పుట్టినాడు! టీచరక్కా, ఈడ మా అమ్మ చీర పెట్టి ఉరికినా. యాడుండాది?"

"బల్ల మీద చీరలు చాలా ఉన్నాయి సుగుణా" అన్నాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అబద్ధం లేని వాక్యాన్ని అంత తొందరలో ఎట్లా కూర్చానో నాకే ఆశ్చర్యం. ముక్కలు నా బుట్టలో తెల్లగుడ్డల కింద ఉన్నాయి. అంచు పేలిక నా కాళ్ళ దగ్గర నేల మీద ఉంది. కాలితో దాన్ని నా కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నాను.

ఆమె బల్లంతా వెతికింది. "కొంగుకు పసుపు అంటించినా. ఎర్రంచుది. మా అమ్మ పోయినప్పటి సంది ఇనప్పెట్టెలో పెట్టినట్ల దాచినా" అంటూ ఉంటే నవ్వు పోయి ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. "మొదటి బస్సుకు వచ్చినోళ్ళు మీరిద్దరే. టీచరక్క తీసే మనిషి కాదు. రమీజా, ఆ సంచిలో ఏముండాది?"

రమీజా మొదట నవ్వింది. "ఏముంటాదే, మీ అల్లుడు పంపిచ్చిన బంగారమా? పేలికలే గదా."

"అయితే తెరిచి చూపిచ్చు."

రమీజా నవ్వు ఆగింది. నా వైపు తిరిగింది. "టీచరక్కా, నువ్వు చెప్పు."

ఆమె అడిగింది నన్ను. చేతిలో కత్తెర ఉన్న నన్ను. నేనన్న మాట ఇది: "తెరిస్తే అయిపోతుంది కదా రమీజా."

ఆమె సంచి నేల మీద బోర్లించింది. పేలికలు, ఒక దువ్వెన, కాగితం పొట్లంలో వేయించిన శనక్కాయలు, బీపీ మాత్రలు. చీర లేదు. సుగుణ అప్పటికీ, "యాడో చేర్చేసుంటాదిలే" అని గొణిగింది. రమీజా దువ్వెన, మాత్రలు తీసుకుంది. శనక్కాయలు నాకోసం తెచ్చినవి. అవి అక్కడే వదిలేసింది. "పేలికలు మీవి. సంచి నాది" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు. నా పక్కన బస్సులో కూర్చోలేదు.

ఆ పది ముక్కలనూ ఇంటికి తెచ్చుకుని నేనే కుట్టాను. కిందా పైనా వేరే గుడ్డ వేసి, ఇటుక రంగు కనబడకుండా నడిమి పొరగా పెట్టాను. మొదటిది సుగుణ మనవడికి ఇచ్చాను. ఆ బిడ్డ తన ముత్తవ్వ చీర మీదే పడుకున్నాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. సుగుణ బొంతను చెంపకు ఆనించుకుని, "నా బాధ తెలిసిన మనిషివి నువ్వే అక్కా" అంది. అప్పుడైనా చెప్పలేదు. మంచిదాన్ని అనిపించుకోవడం అంత రుచిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. మిగతా తొమ్మిది బొంతలు ఏ ఊరి బిడ్డకు ఏ రోజు ఇచ్చానో నా పుస్తకంలో ఉంది.

ఇక ఆ నెల వార్తల కాగితం. బొంతల లెక్క సరిగ్గా రాశాను. మగబిడ్డ బరువు సరిగ్గా రాశాను. చివర ఒక వాక్యం రాశాను: "రమీజా గారు ఇంటి పనుల వల్ల సేవకు రావడం మానుకున్నారు." అన్నేళ్ళలో నేను రాసిన వార్తల్లో తప్పు వార్త అదొక్కటే. ఆ నెల గట్టిగా చెప్పడానికి ఎవరూ లేరు. అంటించి వచ్చేశాను.

తర్వాత సుగుణా నేనూ బాగా దగ్గరయ్యాం. నా మోకాళ్ళ నొప్పికి నూనె కాచి తెస్తుంది. మనవడి మార్కుల కాగితం ముందు నాకే చూపిస్తుంది. వాడికి లెక్కల్లో మంచి మార్కులు వస్తే నాకు గర్వం. ఇదంతా ప్రేమే. నిజమైన ప్రేమే. కానీ ఇది మొలిచిన చోట ఇంకొక మనిషి సంచి బోర్లించి ఉంది. రమీజా ధర్మవరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను. ఒకసారి హిందూపురం సంతలో దూరంగా కనిపించింది. బేరమాడుతూ నవ్విస్తోంది. నేను చింతపండు బస్తాల వెనక్కి తప్పుకున్నాను. డెబ్బై దాటిన మనిషిని, బస్తాల వెనక నక్కాను.

వచ్చే నెల సుగుణ రిటైరవుతోంది. వార్తల కాగితంలో ఆమె గురించి, మొదటినుంచీ సేవకు వచ్చినవాళ్ళ గురించి ఒక పేజీ రాయమని పెద్ద సిస్టర్ అడిగింది. నాలుగు రోజులు కూర్చున్నాను. రమీజా పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పాత వాక్యమే మళ్ళీ రాయాలా? పేరు వదిలేయాలా? రెండోసారి రాస్తే అది చేతి పొరపాటు కూడా కాదు, నా స్వభావం అవుతుంది.

అందుకే ముందు మీకు రాశాను. ఆ చీర కత్తిరించింది నేను. సంచి తెరవమన్నదీ నేనే. ఇది మొదట సుగుణకు చెబుతాను. ఆమె నూనె గిన్నె తీసుకురావడం మానేస్తే మానేయనీ. తర్వాత ధర్మవరం వెళతాను. వీధి పేరు కనుక్కున్నాను. రమీజా తలుపు తీస్తుందో లేదో, తీస్తే ఏమంటుందో తెలియదు. క్షమించమని అడగను. అడిగితే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టవుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆమె ఏమన్నా నిలబడి వింటాను.

ఇంతవరకు రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. ఎక్కడా ఆగలేదు.