ఖాళీ చోట వెలిగిన పచ్చ లైటు

శకునాలన్నా దయ్యాలన్నా నాకు మొదటినుంచీ నవ్వే. హాడో రేవు దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణంలో పనిచేసేదాన్ని. ఏ పెట్టె మూగబోయినా లోపల ఎక్కడో తీగ ఊడి ఉంటుందనేదే నా నమ్మకం. ఇప్పటికీ అంతే, ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప.

మాది ఆస్టినాబాద్. నాన్న సిక్కోలు తీరం నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి ఇక్కడ వల పట్టాడు. అన్నయ్యా నేనూ ఇక్కడే పుట్టాం. పెళ్లైన చాలా ఏళ్లకు వదిన నీళ్లోసుకుంది. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకు కట్టాలని నేనొక మిణుకు లైటు మొదలుపెట్టాను. ఎర్రదొకటి, పచ్చదొకటి, రెండు చిన్న ఎల్‌ఈడీలు. ఒకటి ఆరగానే రెండోది వెలగాలి.

సర్క్యూట్ బొమ్మ చదవడం కష్టమేం కాదు. తిన్నని గీత అంటే తీగ. వంకర టింకర గీత అంటే కరెంటును తగ్గించే రెసిస్టర్. గీత తెగిన చోట కరెంటు ఆగిపోతుంది. పచ్చ లైటు దారిలో పెట్టాల్సిన రెసిస్టర్ మా దుకాణంలో అయిపోయింది. మద్రాసు ఓడ వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా వదిలేశాను. బ్యాటరీ తగిలిస్తే ఎర్రది ఒక్కటే, ఆరకుండా వెలిగేది.

వదినకు నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు మధ్యాహ్నమైనా కబురు లేదు. అమ్మ ఇంట్లోకీ గుమ్మంలోకీ తిరుగుతూనే ఉంది. నాకూ ఏ పనీ తోచక, ఆ బోర్డుకు బ్యాటరీ తగిలించి కిటికీలో పెట్టాను.

"ఒలే, పచ్చది కూడా ఎలుగుతోందే! బాగు సేసేసినావా?" అంది అమ్మ.

తిరిగి చూశాను. ఎరుపు, పచ్చ. ఎరుపు, పచ్చ. చక్కగా వంతులేసుకుని వెలుగుతున్నాయి.

బోర్డు తీసి వెలుతురులో తిప్పి చూశాను. రెసిస్టర్ కాళ్లు దూరాల్సిన రంధ్రాలు రెండూ ఖాళీ. మధ్యలో అతికించే సోల్డర్ చుక్క లేదు, తీగ ముక్క లేదు. ఎండు పుల్లతో గోకినా ఆగలేదు. సముద్రపు తేమ అనుకుందామంటే, తేమకు లైటు అంత జోరుగా వెలగదు.

భయం వేయాలి. వేయలేదు. ఎందుకో నవ్వొచ్చింది. నన్ను చూసి అమ్మా నవ్వింది.

అంతలో అన్నయ్య సైకిలు వాకిట్లో పడేసి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, జుడ్వా! ఇద్దరు! ఆడపిల్ల, మగపిల్లాడు! తనూ బాగుంది!"

కవలలని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. అన్నయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు. పక్కింటి బెంగాలీ దీదీ శుభమంటూ శంఖం ఊదేసింది. ఆ సందడిలో పచ్చది ఎప్పుడు ఆరిందో ఎవరమూ చూడలేదు. తర్వాత ఎర్రది ఒక్కటే వెలుగుతోంది.

ఓడొచ్చాక రెసిస్టర్ పెట్టాను. ఉయ్యాల మీద రెండూ వెలిగాయి. ఈలోగా కథ వీధంతా పాకింది. తమకూ కవలలేమో చూద్దామని నెలలు నిండినవాళ్లు "దీదీ, ఒక్కసారి వెలిగించవా" అంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడది ఎవరికైనా రెండే చూపిస్తుందన్నా వినేవాళ్లు కాదు. రెండూ మిణుకుమనగానే "బాప్ రే!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

పచ్చది ఇప్పుడెందుకు వెలుగుతోందో గీత గీసి చెప్పగలను. ఆ మధ్యాహ్నం ఎందుకు వెలిగిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.