చేపలకు ఐసు

జగిత్యాల దిక్కు గంగపుత్రుల ఇంట్లో పుట్టిన భూమేశ్‌కు వల విసరడం నడకతో పాటే అబ్బింది. ఆ పని చేతనవునని తెలిసే గల్ఫ్‌లో బనియాస్ అవతల ఎడారిలోని మజ్రాలో, అంటే వీసా ఇచ్చిన యజమాని కఫీల్ తోటలో, చేపల కుంట చూసుకునే కొలువిచ్చారు. ఖర్జూరపు చెట్ల నడుమ ప్లాస్టిక్ పరిచి కట్టిన కుంట అది. అందులో పెంచేవి తిలాపియాలు. అమ్మకానికి కాదు, సెలవురోజుల్లో కఫీల్ చుట్టాలు గట్టున కూర్చుని గాలాలు వేసి సరదా తీర్చుకోవడానికి.

మజ్రా డ్రైవర్ బుడేన్ సాహెబ్‌ది కడప జిల్లా. గడ్డం నెరిసిన మనిషి. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే పొయ్యి. ఆయన భార్య హలీమాబీ ఫోన్ చేస్తే భూమేశ్ కూడా పలకరించందే పెట్టేది కాదు.

ఆ ఏడు జులైలో నీళ్లు చల్లబరిచే మిషన్ ఆగిపోయింది. కుంటలో చెయ్యి పెడితే చురుక్కుమంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఊపిరికి కొట్టుకుంటున్నాయి. మిషన్ బాగుచేసేవాడు వచ్చేలోపే అతిథులు వస్తున్నారు. తోట మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, కారు అద్దం దించి, ఐసు తెచ్చి కుంటలో వెయ్యమన్నాడు.

బుడేన్ సాహెబ్ పికప్‌లో ఐసుగడ్డలు తెచ్చి, గోనెపట్టాలు కప్పి ఉంచాడు. ఇసుకలో బండి కుంట దాకా పోదు. భుజాన మోయాల్సిందే. డ్రైవర్‌కు ఆ పనితో సంబంధం లేకపోయినా ఆయన దిగాడు.

"చాచా, నువ్వు నీడకు కూసో. నేను మోస్త."

"నువ్వొక్కడే మోస్తే ఎప్పటికయ్యేది నాయనా? కరిగిపోతాంది చూడు."

ఎండ నడినెత్తికొచ్చింది. ఎండాకాలం ఆ వేళ బయటి పనులు బంద్ చెయ్యాలన్న అక్కడి చట్టం ముదీర్‌కూ తెలుసు. భూమేశ్ కారు దగ్గరికి పోయి, "సాబ్, ధూప్ బహుత్ హై. షామ్‌కో కరేంగే" అన్నాడు.

"షామ్ తక్ మఛ్లీ ఖలాస్! యల్లా, యల్లా!" అని తొందరపెట్టి ముదీర్ అద్దం ఎత్తేశాడు.

కాసేపటికి బుడేన్ సాహెబ్ ఉన్నట్టుండి నిలబడిపోయాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. భూమేశ్‌ను పట్టుకుని ఎవరో అనుకుని, "గేదెకు నీళ్లు పెట్టినావా?" అని అడిగాడు. భుజం మీది గడ్డ జారింది. వెనకే ఆయనా కూలిపోయాడు.

భూమేశ్ ఆయనను కుంటలోకి ఈడ్చి, తల ఒళ్లో పెట్టుకుని, తేలుతున్న ఐసుగడ్డలను ఆయన చంకలకూ మెడకూ ఆనించాడు. "చాచా, నా దిక్కు చూడు!" అని అరుస్తూనే ఉన్నాడు. చల్లదనానికి చేపలు వచ్చి ఇద్దరి చుట్టూ మూగాయి. అంబులెన్స్‌కు ఆ ఇసుక దారి దొరకడం ఆలస్యమైంది. ఎక్కించేటప్పటికి ఊపిరి ఉంది. మర్నాటికి లేదు.

ఆయన పడిపోయిన సాయంత్రమే అతిథులు రానే వచ్చారు. ఐసు దగ్గర గుమిగూడిన చేపలు వేసిన గాలానికల్లా పడ్డాయి. వాళ్లు నవ్వుతూ కేకలు పెడుతుంటే, భూమేశ్ చేపల నోళ్లలోంచి కొక్కేలు తీస్తూ నిలబడ్డాడు.

చావు కబురు అందాక, మర్నాడు సాయంత్రం హలీమాబీ ఫోన్ చేసింది.

"ఏం పని చేస్తాండె భూమేశూ ఆయప్ప?"

"ఐసు మోసినం చాచీ. చేపలకు."

"అమ్మేటివి పెట్టెల్లో పెడతారే, అట్లనా?"

"కాదు చాచీ. కుంటల బతికున్నయే. ఎండకు సస్తయని."

ఆమె, "నువ్వు బాగుండావా నాయనా?" అంది. అంతవరకూ బిగబట్టుకున్న భూమేశ్ గోడకు ముఖం పెట్టి ఏడ్చాడు.

పోలీసులు వస్తే, బుడేన్ సాహెబ్ బండిలో కూర్చునే పడిపోయాడని చెప్పమన్నాడు ముదీర్. "లేదంటే నీ వీసా ఖలాస్."

భూమేశ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎండ సంగతి, సాయంత్రం చేస్తామని తాను అడిగిన సంగతి, అన్నీ. రాసుకున్నారు. ముదీర్‌కు ఏమైందో అతనికి తెలియదు. భూమేశ్ వీసా మాత్రం రద్దు చేసి ఇంటికి పంపేశారు.

విమానం దిగి జగిత్యాల బస్సెక్కలేదు. కడప రైలెక్కి హలీమాబీ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. ఆమె చాప పరిచి, మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. భూమేశ్ ఆ రోజు పొద్దున చాచా, తాను కలిసి చాయ్ తాగినకాడ నుంచి జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాడు.