గడప దగ్గర ఆగే మనిషి

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే, జపనీసు నేర్పే మాస్టారు పోయారు. ఆ కబురు వెనకే ఇంకోటి వచ్చింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆయన్ని ఇంటి ఓనరు పైకి రానివ్వడం లేదట. అద్దె ఇంట్లో శవాన్ని దించకూడదట. భవానీపురంలో ఈ ఆనవాయితీ నాకు కొత్త కాదు. అయినా ఒళ్లు మండిపోయింది. అడగకుండా ఏ గడపా దాటని మనిషి ఆయన!

కొత్తగా దిగినప్పుడు పెరుగు తోడు కోసం వచ్చారు. చెప్పులు విప్పి, మొనలు బయటికి తిప్పి పెట్టి, గడప అవతలే వంగి "షిత్సురే షిమాస్" అన్నారు.

"ఏం మంత్రమయ్యా అది?"

"మంత్రం కాదండీ పిన్నిగారూ. 'అమర్యాద చేస్తున్నాను' అని. జపాన్‌లో లోపలికొచ్చేటప్పుడు అంటారు. వెళ్లేటప్పుడూ అదే, ఫోను పెట్టేసేటప్పుడూ అదే."

"తెలిసీ చేయడమెందుకు? మానేస్తే పోలా?"

నవ్వారు. "మనం వస్తే అవతలివాళ్ల పనికి ఎంతో కొంత అడ్డమే కదండీ. అది తెలుసని ముందే ఒప్పుకోవడం."

అక్కడి ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగాలకు వెళ్లే నర్సింగ్ పిల్లలకు ఆయన ఆ భాష నేర్పేవారు. సాధనకు మా గడపే. జపాన్ ముసలమ్మ వేషం నాది, మేకప్ అక్కర్లేకపోయింది. ఎవరైనా తోసుకొస్తే, "తలుపు తెరిచుందంటే వచ్చేయమని కాదమ్మా, ఆగి అడగమని" అనేవారు.

కిందికి దిగాను. అంబులెన్స్ పక్కన ఆయన భార్య, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఓనరు నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"రేపు ఆ ఇంట్లో ఎవరు దిగుతారండీ? మీరే చెప్పండి."

"నువ్వు మాత్రం శాశ్వతంగా ఉండిపోయే ఏర్పాటు చేసుకున్నట్టున్నావే, నాయనా! మా సొంతింట్లోకి తీసుకొస్తున్నాం, జరుగు."

"అరిష్టమండీ, పెద్దవారు..."

"నా వయసులో అరిష్టానికి కొత్తగా చేసే పనేముంది? జరుగు!"

మాస్టారిని మా హాల్లోనే పడుకోబెట్టాం. ఆయన దగ్గర చదివే నర్సింగ్ పిల్లలొచ్చారు. ఏడుస్తూనే గడప దగ్గర ఆగారు, వంగారు, ఆ మాట అని ఒక్కొక్కరే లోపలికొచ్చారు. మోసుకెళ్లేటప్పుడు మళ్లీ అదే మాట. ఓనరు మెట్ల మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు.

వారం తిరక్కుండానే మాస్టారి భార్య చేత ఇల్లు ఖాళీ చేయించి, ఎదురు తలుపుకు తాళం వేసి టులెట్ బోర్డు కట్టాడు. చెప్పేవారు లేకపోయినా పిల్లలు మా హాల్లో కూర్చుని చదువుకుంటున్నారు. ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్లు ముందు మా గుమ్మం కేసే చూస్తారు. అక్కడ వరసగా చెప్పులు. అన్నిటి మొనలూ ఆ తాళం వైపే.