ఆరో రోజు బతుకమ్మ

తార్నాకలో మా వీధి చరిత్ర చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కో చోట మొదలుపెడతారు. యూనివర్సిటీ వాళ్లు క్యాంపస్ గోడ దగ్గర మొదలుపెడతారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి ఇక్కడ స్థలాలు కొనుక్కున్నవాళ్లు తమ గృహప్రవేశాల దగ్గర మొదలుపెడతారు, అంతకు ముందు ఇక్కడ నరమానవుడే లేనట్టు. మెట్రో వచ్చాక ఫ్లాట్లు కొన్నవాళ్లకు పార్కింగు గొడవే తప్ప చరిత్రతో పని లేదు. నా మటుకు నాకు ఒక ఖాళీ ప్లాటు గుర్తొస్తుంది. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది.

మాది అనంతపురం. యూనివర్సిటీలో నాకు ఉద్యోగం వచ్చాక ఆ వీధిలో మేడ మీద పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. వీధిలో ఆడవాళ్లు చాలా మర్యాదగా ఉండేవారు. ఆ మర్యాదే నాకు గిట్టేది కాదు. పండక్కి సకినాలు పంపేవారు, పంపుతూ ‘మీ దిక్కు ఇట్ల చేస్తరా’ అని అడిగేవారు. పక్కపక్క ఇళ్లలో ఉంటూ నాకో దిక్కు, వాళ్లకో దిక్కు ఏమిటని ఒళ్లు మండేది.

బతుకమ్మ రోజుల్లో ఆ ఖాళీ ప్లాటులో చెత్త ఎత్తేసి, నీళ్లు చల్లి, సాయంత్రాలు ఆడేవారు. నేను బాల్కనీలోంచి చూసేదాన్ని. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. మూడో ఏడు ఇక పిలుపు కోసం కాచుకోదలచుకోలేదు. నా బతుకమ్మ నేనే పేర్చుకుని పోతాను, వాళ్ల వాటి పక్కన పెట్టనిస్తారో లేదో, ఈ వీధికి నేనేమవుతానో తేలిపోతుంది అనుకున్నాను.

ఆఫీసు పనితో మొదటి రోజులన్నీ పోయాయి. ఆదివారం పొద్దున్నే క్యాంపస్‌లో హాస్టళ్ల వెనక, బండరాళ్ల మధ్యకు వెళ్లి తంగేడు పూలు, గునుగు కోసుకొచ్చాను. వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు దొంగను చూసినట్టు చూశారు. మధ్యాహ్నమంతా తాంబాలంలో వరుసలు పేర్చాను. రెండుసార్లు కూలింది. మా ఆయన సాయం చేస్తానంటే కసిరాను. మూడోసారి నిలబడింది, కొంచెం పక్కకు ఒరిగి. పైన పసుపు గౌరమ్మను పెట్టి, పట్టుచీర కట్టుకుని, సాయంత్రం తలమీద ఎత్తుకుని ప్లాటుకు వెళ్లాను.

అక్కడ ఒక్క మనిషీ లేడు. నీళ్లు కూడా చల్లలేదు.

చోటు మార్చుకున్నారు, నాకు చెప్పలేదు అనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. తాంబాలం కింద పెట్టి నిలబడ్డాను. వెనక్కి పోదామంటే ఏ కిటికీలోంచి ఎవరు చూస్తున్నారోనని భయం. ఏడుపొచ్చింది.

అంతలో ప్లాటుకు ఎదురింటి పెద్దమ్మ గేటు తీసుకుని వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయినాయన భార్య, ఆ వీధికి మొదట వచ్చినవాళ్లలో ఒకావిడ. పెద్దావిడ అని కూడా చూడకుండా మీద పడ్డాను.

“యాడికి పోయినారు పెద్దమ్మా అందరూ, నన్ను ఇడిసిపెట్టి?”

ఆవిడ నన్ను చూసింది, ఒరిగిన బతుకమ్మను చూసింది.

“ఎక్కడికీ పోలే బిడ్డా. ఇయ్యాల ఆరో రోజు. అమ్మ అలిగిన రోజు. ఎవ్వరు పేర్చరు, ఎవ్వరు ఆడరు.”

ఈ సంగతి ఇక్కడ పుట్టిన చంటిపిల్లకు కూడా తెలుసట. అందరికీ తెలిసినదాన్ని ఎవరు మాత్రం పనిగట్టుకుని చెబుతారు? రెండేళ్లు బాల్కనీలో నిలబడి ఏం చూశానో నాకే తెలియదు. భూమి చీలితే బాగుండుననిపించింది.

పెద్దమ్మ తాంబాలం తనే ఎత్తుకుని వాళ్లింట్లోకి తీసుకుపోయింది. దేవుడి గదిలో పెట్టి, తడిగుడ్డ కప్పింది. మర్నాడు పైన రెండు వరుసలు తాజా బంతిపూలు పేర్చి, ఆ ఒరుగు సరిచేసి, నా చేతికిచ్చి ప్లాటుకు తీసుకెళ్లింది. అందరూ జరిగి చోటిచ్చారు. పూలు ఎక్కడివని ఒకావిడ అడిగింది, క్యాంపస్‌లోవంటే ఈసారి మేమూ వస్తామంది. అప్పటి నుంచి ఏటా ఆడాను. కానీ ఎవరు నవ్వినా, ఆ ఆరో రోజు సంగతి తెలిసే నవ్వుతున్నారని నా అనుమానం. పెద్దమ్మ చెప్పకుండా ఉంటుందా, ఇంత మంచి కథ? ఏళ్లు గడిచినా ఆ ముల్లు పోలేదు.

ప్లాటు అమ్ముడుపోయి అపార్ట్‌మెంటు లేచింది. ఆట సెల్లార్లోకి మారింది, కార్లు బయట పెట్టించి. మేము కూడా ఆ వీధిలోనే ఫ్లాటు కొనుక్కున్నాం. కొత్తవాళ్లు చాలామంది వచ్చారు, ఎక్కడెక్కడి వాళ్లో. మొన్న ఎండాకాలంలో పెద్దమ్మ పోయింది.

పదో రోజున వాళ్లింటికి వెళ్లాను. వీధి ఆడవాళ్లంతా కూర్చుని ఆవిడ ముచ్చట్లే చెప్పుకుంటున్నారు. నా సంగతి జరిగిన రెండేళ్లకు ఆ ఇంటికి వచ్చిన కోడలు తన వంతు చెప్పింది.

“మా అత్తమ్మకు ఒక పిచ్చి ఉండె. ఏటా ఆరో రోజు సాయంత్రం గేటు కాడ కుర్చేసుకొని కూసునేది. చీకటి పడేదాక లేవకపోయేది. ఎందుకంటే, కొత్తోళ్లెవరన్న తెల్వక పేర్చుకొని వస్తరేమో, ఒక్కతే నిలబడితది పాపం, అనేది. గంత తెలివితక్కువోళ్లు ఎవరుంటరత్తమ్మా అని మేం నవ్వేటోళ్లం. మాకైతే ఎన్నడు ఎవ్వరు రాంగ కనపడలే.”

అందరూ నవ్వారు. ఇన్నేళ్లూ నేను భయపడిన నవ్వు అది కాదు. వాళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఎంత దాచుకున్నావు పెద్దమ్మా అనుకున్నాను.

“వచ్చింది. అది నేనే,” అన్నాను.

మొత్తం చెప్పాను, తడిగుడ్డ దాకా. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

లేచి వస్తూ, ఆ కుర్చీ ఇంకా ఉందా అని కోడలిని అడిగాను.