దొరగారి ముక్కు

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరు రిటైరైనా గోడగడియారం ఇచ్చి పంపేవాళ్లం. ఇక టైముతో పనిలేని మనిషికి గడియారం ఎందుకని ఎవరికీ తోచేది కాదు. ఓడరేవు దగ్గర నేను టెంపరరీ గుమస్తాగా ఉన్న డెబ్బైల చివర్లో మాత్రం, రిటైరవుతున్న మా పెద్ద దొరగారికి, అంటే మా పెద్ద ఆఫీసరుకి, కొత్తగా ఏదైనా ఇవ్వాలని అందరికీ పూనకం వచ్చి, ఆయన తలబొమ్మ చెయ్యమని నాకు పురమాయించారు. (చిన్నప్పుడు బడిలో మట్టితో అరటిపండు చేసి బహుమతి కొట్టానని కోతలు కోసింది నేనే.) దొరగారిది చిలకముక్కు. వెళ్లేముందు ఆయన కొత్త దొరగారితో నా గురించి ఒక మంచిమాట చెబితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మా ఊళ్లో గేదెలు నాకోసం కాచుకునే ఉన్నాయి.

మొదట కంచరపాలెం అవతల కుమ్మరివాళ్ల దగ్గర బంకమట్టి తెచ్చాను. తల బాగానే కుదిరింది గాని, ఎండలో పెడితే నుదుటి నుంచి గడ్డం దాకా బీటలు తీసింది. నీడన మెల్లగా ఆరాలట, ఆరాక కాలిస్తేగాని గట్టిపడదట. అంత ఓపిక నాకెక్కడిది? రెండో తలను పచ్చిగా ఉండగానే, నేను అద్దెకున్న ఇంటావిడ పప్పు ఉడికిస్తున్న పొయ్యిలోకి తోశాను. లోపలి తడి ఆవిరై తల ఢామ్మని పేలింది. "ఏటి బాబూ, పప్పులో సెవేటి?" అంటూ ఇంటావిడ దొరగారి చెవిని గరిటెతో పైకి తీసింది. తర్వాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్. దానికి ఎండా మంటా అక్కర్లేదు, నీళ్లు కలిపితే చాలు, గట్టిపడిపోతుందన్నారు. నిజమే. బకెట్లో కలిపి, దొరగారి ఫోటో వెతుక్కుని వచ్చేసరికి ఇంటావిడ గరిటెతో సహా ప్లాస్టరంతా బకెట్లోనే బిగుసుకుపోయింది.

ఆఖరికి పాతఊళ్లో సాయిబుగారి బొమ్మల దుకాణంలో నూనె కలిపిన మట్టి దొరికింది. "పగల్దు, బీటలివ్వదు బాబూ. ఎన్నాళ్లున్నా మెత్తగానే ఉంటది," అన్నాడాయన. పగల్దన్న మాటకే నేను పొంగిపోయాను, తర్వాతది చెవికెక్కలేదు. పొద్దున్నే చలికి బిర్రబిగిసిన తలను వేలితో కొట్టి చూసి, ఎండిపోయిందని సంబరపడ్డాను.

సభ మిట్టమధ్యాహ్నం, ఎండకి కాగిపోతున్న రేకుల షెడ్డులో. మొదటాయన దొరగారి క్రమశిక్షణను పొగుడుతుండగా బొమ్మ ముక్కు కిందికి వంగింది. దండ వేసే వంకతో వెళ్లి పైకి నెట్టాను. రెండో ఆయన నిజాయితీ గురించి ఎత్తుకునేసరికి ముక్కు మీసం మీదికి దిగింది. శాలువా సర్దే వంకతో మళ్లీ వెళ్లాను. నెట్టిన కొద్దీ చిలకముక్కు కాస్తా బంగాళాదుంప అయింది.

"ఏటి బావా, బొమ్మకి అంత బక్తి సేత్తన్నావ్?" అన్నాడు పక్క కుర్చీలోని తోటి గుమస్తా.

"బక్తి కాదు బావా, ముక్కు జారిపోతంది. నాను సచ్చాను!" అన్నాను.

చివరిసారి వెళ్లినప్పుడు ముక్కు నా చేతిలోకే ఊడి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాను.

దొరగారు మాట్లాడటానికి లేచి, బొమ్మను చూసి ఆగిపోయారు. "నా ముక్కేదయ్యా?" అన్నారు. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని అనేయొచ్చు. నాకు తెలియకుండానే లేచి నిలబడి, "నా జేబులో ఉందండి," అని తీసి ఇచ్చాను. (దానికి వేరుశనగ పొట్టు అంటుకుని ఉంది.) ఆయన ఓసారి తన ముక్కు తడుముకున్నారు. ముందు దొరసానిగారు నవ్వారు, తర్వాత ఆయన. కొత్త దొరగారి వైపు తిరిగి, "ఇన్నేళ్లూ నా ముక్కు బావుందన్నవాళ్లే గానండి, ఊడిందని ఒప్పుకున్నవాడు ఇతనొక్కడే. వదులుకోకండి," అన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత చాలామంది దొరల కింద పనిచేశాను. కొందరి ముక్కులు నా కళ్లముందే జారాయి. చూసీ చూడనట్టు దండలు వేసి, ప్రమోషన్లు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. వాడు పదిమందిలో లేచి జేబులో చెయ్యి పెట్టాడు. నేను మళ్లీ ఎప్పుడూ లేవలేదు.