నీడన ఆరవలసిన తాడు

మొన్న ఆదివారం అరసవల్లి వెళ్ళి, దర్శనం ముగించుకుని, బయట బడ్డీ కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే ఎదురుగా ఒక ఎత్తు చక్రాల జీపు వచ్చి ఆగింది. ఈ కాలపు కుర్రాళ్ళు సరదాకి బురదలోనూ గుట్టల మీదా తిప్పడానికి కొనుక్కుంటున్నారే, అలాంటిది. దాని ముందు బంపరుకి నారింజ రంగు తాడొకటి చుట్టలుగా చుట్టి, నలుగురి కళ్ళలో పడేలా అలంకారంగా బిగించారు. పదకొండు గంటల ఎండ నిలువునా దాని మీద పడుతోంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. లేచి వెళ్ళి, దిగుతున్న కుర్రాడితో, "బాబూ, ఆ తాడు సంచిలో ఎట్టుకోండి, ఎండకి పాడైపోతాది" అన్నాను. అతను నవ్వి, "తాడుకి ఎండేటి సేస్తాది తాతా" అని, మిగతా ముగ్గురితో కలిసి గుడి వైపు నడిచాడు. పెద్దవాణ్ణి కదా, కోపం రావలసిన మాటే. కానీ రాలేదు. అచ్చంగా ఆ మాటే ఒకప్పుడు నా నోటి నుంచి వచ్చింది. దానికి మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు.

నేను ముప్పై ఏళ్ళు జీపు నడిపాను. అందులో చివరి పన్నెండేళ్ళు విజయనగరం జిల్లా కొండవార ఉన్న ఒక చిన్న మిషను ఆసుపత్రిలో. వారానికి రెండు రోజులు కొండ మీది ఊళ్ళకి మందులూ, సూదులూ, పిల్లల్ని తూచే త్రాసూ వేసుకుని పోవాలి. పోవడానికి రోడ్డనేది ఉంటేగా. వానాకాలంలో ఎర్ర బురద, అది దాటితే గెడ్డ, అదే కొండవాగు, గెడ్డ దాటితే మళ్ళీ బురద. నాతో వచ్చేది మా ఆసుపత్రి నర్సు, మా సిస్టరమ్మ. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, కొత్తవలసలో రైల్వే ఉద్యోగి భార్య, తాతల కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. శనివారం రైలెక్కి ఇంటికి పోయి, సోమవారం పొద్దున్నే పచ్చి జీడిపప్పో, ఇంట్లో చేసిన జంతికలో పట్టుకుని వచ్చేది. నన్ను తమ్ముడూ అని పిలిచేది. నేను జీపుకి నిమ్మకాయ కడుతుంటే పక్కన నిలబడి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకునేది. ఇద్దరు దేవుళ్ళని వెంటబెట్టుకు వెళ్ళినా బురద బురదే, దిగబడక తప్పేది కాదు.

తాడు సంగతి ఒకరు నాకు చెప్పాలా అనే పొగరు నాకు ఉండేది. దానికో కారణమూ ఉంది. మా నాన్న గోగు పండించేవాడు. మా వయసువాళ్ళకి ఆ వాసన గుర్తుండే ఉంటుంది, కోసిన గోగుకట్టల్ని నీళ్ళలో మగ్గబెట్టి, ఊరంతా ముక్కు మూసుకుంటున్నప్పుడు నార ఒలిచి, ఉతికి, దండేల మీద ఆరేసేవారు. జనపనార మిల్లుకి పోగా మిగిలిన నారతో మా నాన్న అరుగు మీద కూర్చుని ఎడ్లకి పలుపులూ, నూతికి చేంతాళ్ళూ, బళ్ళకి మోకులూ పేనేవాడు. తడిసిన తాడు నీడన పడి ఉంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు, అంత రాద్ధాంతం. నార తాడు తడి మీదుంటే నాలుగు రోజుల్లో లోపల్లోపలే కుళ్ళిపోతుంది మరి. "తాడుకి తడి పగోడు, ఎండ సుట్టం" అనేవాడు. ఆ ఒక్క మాట నాకు బడిలో చదివిన చదువంతటి కన్నా గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రిలో మొదట ఇనప తీగ మోకు ఉండేది. ఒకసారి ట్రాక్టరు లాగుతుంటే అది తెగి, ఎగిరొచ్చి, జీపు దీపం పగలగొట్టి, చూస్తూ నిలబడ్డ మనిషి మోకాలికి జానెడు దూరంలో నేలని చీరింది. ఇక ఇనుము వద్దన్నారు డాక్టరుగారు. నేనూ సిస్టరమ్మా విశాఖపట్నం వెళ్ళి, పడవలకీ లారీలకీ తాళ్ళమ్మే కొట్లో సగం రోజు కూర్చున్నాం. కొట్టాయన రెండు రకాలు మా ముందు పడేశాడు. ఒకటి అసలు సాగనిది, బండికే తాడు చుట్టుకునే యంత్రం ఉన్నవాళ్ళకి. మాకు ఆ యంత్రం లేదు. రెండోది నైలానుది, సాగుతుంది. లాగే బండి కాస్త పరుగందుకుంటే తాడు సాగి, ఆ సాగిన బలమంతా మళ్ళీ ముడుచుకుంటూ, దిగబడ్డ బండిని కుదుపు లేకుండా పీకుతుంది. అదే తీసుకున్నాం, బొటనవేలి కన్నా లావు, అయిదు బారల పొడవు. ముడి వేస్తే తాడు బలం సగమవుతుందని రెండు చివర్లా కన్ను, అంటే కొక్కేనికి తగిలించే గుండ్రటి మడత, అల్లించాం. తాడుని బండికి బిగించే ఇనప షాకిళ్ళకి బదులు తాడుతోనే అల్లిన లంకెలు రెండు కొన్నాం. మంటలాంటి నారింజ రంగు. పసిబిడ్డంత బరువు కూడా లేదు. బస్సులో నా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను.

దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని సిస్టరమ్మ బస్సులోనే చదివి చెప్పింది. మట్టి పట్టితే మంచినీళ్ళతో కడగాలట, నీడన ఆరబెట్టాలట, ఎండ తగలకుండా సంచిలో దాచాలట. నేను పగలబడి నవ్వాను. తాడుకి ఎండేటి సేస్తాది సిస్టరమ్మా, మా నాన్న తాళ్ళు పేనినోడు, కాగితం రాసినోడు ఏ జన్మలోనైనా తాడు పేనేడా అన్నాను. ఆవిడ మరుసటి సోమవారం పాత రెయిన్‌కోటు గుడ్డతో ఒక సంచి కుట్టి తెచ్చింది. పైన బొందు, నీళ్ళు కారిపోవడానికి అడుగున రెండు చిల్లులు, లోపల తాడు సరిగ్గా ఇమిడేలా కొలత. నేను దాన్ని ఆ రోజు నుంచీ కొండ చింతపండు తెచ్చుకోవడానికి వాడాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, మూడేళ్ళ పాటు, వాడినా వాడకపోయినా, ఆ తాడుని ఆసుపత్రి డాబా మీద పిట్టగోడ పొడుగునా పరిచి ఎండబెట్టాను. వేసవిలో మరీ శ్రద్ధగా, అటొకసారి ఇటొకసారి తిప్పి. నారింజ రంగు పోయి ఎండుగడ్డి రంగు వచ్చింది. బాగా ఆరిందనుకున్నాను. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు శ్రావణ మాసం, మధ్యాహ్నం ఒంటిగంట. కొండ మీది ఊళ్ళో పని ముగించి, సిస్టరమ్మ చేతులు కడుక్కోవడానికి పాక వెనక్కి వెళ్ళింది. అక్కడి కట్టెల పక్కనుంచి రక్తపింజర పాదం మీద కాటేసింది. ఆవిడ అరవలేదు. కుంటుకుంటూ వచ్చి జీపులో వెనక సీటు మీద పడుకుని, చేతి గడియారం చూసుకుని, టైము నాకు చెప్పింది. నేను కండువా చింపి పిక్క మీద బిగించబోతే, "కట్టొద్దు తమ్ముడూ, బిగిస్తే కాలే పోతాది. సూది మందు ఆసుపత్రిలోనే ఉన్నాది. నువ్వు బండి నడుపు సాలు" అంది. మామూలుగా ఆసుపత్రికి గంటంపావు దారి. అంతసేపు పరవాలేదని ఆవిడ లెక్క. నేను ఆ లెక్కనే పట్టుకుని నడిపాను.

గెడ్డలో నీళ్ళు మోకాలు దాటాయి, అయినా దింపాను. దిగి ఉండవలసింది కాదేమో, ఆగి ఉంటే నీరు తగ్గి ఉండేదేమో, ఇవన్నీ తర్వాతి ఆలోచనలు. నడి గెడ్డలో ఇసక కింద మెత్తని చోట నాలుగు చక్రాలూ ఇరుసు దాకా కూరుకుపోయాయి. వెనక సీట్లో ఆవిడ పాదం చెప్పులో పట్టకుండా పొంగిపోయింది, చిగుళ్ళలో రక్తం కనబడుతోంది. ఏ దేవుణ్ణి పిలిచానో గుర్తులేదు, ఇద్దర్నీ పిలిచుంటాను. అవతలి గట్టున దమ్ము చేస్తున్న ఒక రైతు నా కేకలు విని ట్రాక్టరు తెచ్చాడు. ఫోను అందే చోటు అక్కడికి మూడు మైళ్ళు, అంబులెన్సు కోసం అతని పొలంలో పనిచేస్తున్న ఒకణ్ణి పరిగెత్తించాం. నేను నీళ్ళలో మునిగి జీపు కొక్కేనికి తాడు కన్ను తగిలించాను. తాడు తెగినా ఎగిరి ఎవర్నీ కొట్టకుండా తడి గోనె దాని నడుమ కప్పాను. అన్నీ నేర్చుకున్నట్టే చేశాను. నా తాడు మీద నాకున్న నమ్మకం ఎంతంటే, లంకె పడగానే వెనక్కి తిరిగి, అయిదు నిమిషాల్లో రోడ్డెక్కేస్తాం సిస్టరమ్మా అని మాటిచ్చాను.

మొదటి లాగుడుకి జీపు రెండు మూరలు కదిలింది. రెండోసారి రైతు కాస్త ఎక్కువ పరుగందుకున్నాడు. తాడు సాగలేదు. ఎండు పుల్లలా నడిమికి పుటుక్కుమంది. ఒక్కసారి బరువు వదిలేసరికి ట్రాక్టరు ముందుకి దూకి, గట్టు కింది గోతిలో ముక్కు గుచ్చి, ముందు చక్రం వంకరపోయి ఉండిపోయింది. రైతుకి దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. జీపు మళ్ళీ వెనక్కి జారి, ఇంజను నీళ్ళు తాగి ఆగిపోయింది. తెగేదాకా లాగకూడదని అందరికీ నీతులు చెప్పే మనిషిని, తెగిన తాడు ముక్క చేత్తో పట్టుకుని నడి గెడ్డలో నిలబడి ఏడ్చాను. పైకి ఎండుగడ్డి రంగున్న ఆ తాడు తెగినచోట లోపల ఇంకా మంటలాంటి నారింజ రంగే ఉంది. అది చూసిన క్షణానే నాకు అంతా అర్థమైంది.

కొండ మీంచి మా వెనకే వచ్చిన సవర గిరిజన కుర్రాళ్ళు వెదురు నరికారు. ఆసుపత్రి దుప్పటికి రెండు కొసలా ఆ తెగిన తాడు ముక్కలే కట్టి డోలీ చేశాం. డోలీలో మనుషుల్ని మోసుకెళ్ళే రోజులు పోవాలనే ఆ జీపు కొన్నారు, దాని తాడుతోనే డోలీ కట్టాను. మూడు మైళ్ళు, బురదలో, ఇద్దరిద్దరు మార్చుకుంటూ మోశారు. నేను పక్కనే నడుస్తూ, దారిలో అందుకున్న వాన ఆవిడ ముఖమ్మీద పడకుండా గోనె పట్టుకున్నాను. కుదుపు ఆపుకోవడానికి ఆవిడ పైనున్న తాడుని చేత్తో పట్టుకుంది. కొంత దూరం వెళ్ళాక పట్టు జారి చెయ్యి కిందికి వచ్చింది. అరచేతి నిండా నూగులా పొడి పోగులు. ఎండకి పాడవని నైలాను పోగులు అలా రాలవు. ఆవిడ అరచేతిని చూసుకుంది, నా వైపు చూసింది. తర్వాత ఆ చేతిని చీర కుచ్చెళ్ళకి మెల్లగా తుడిచేసుకుని కళ్ళు మూసుకుంది. రోడ్డు చేరి, అంబులెన్సు ఎక్కించి, సూది పడేసరికి కాటు పడి అయిదు గంటలు.

బతికింది. మూత్రపిండాలు ఆగిపోయి, విశాఖపట్నంలో ఇరవై రోజులు డయాలసిస్ మిషను మీద పెట్టారు. పాదం మీది కండ సగం తీసేశారు. మళ్ళీ ఆవిడ కొండ ఎక్కలేదు. నేను కొత్త నర్సుతో వెళ్తే తల్లులు పిల్లల్ని చంకనేసుకు వచ్చి, "మా అమ్మ రాదేటి?" అని అడిగేవారు. ఇది చాలదన్నట్టు నేను ఇంకో పాపం చేశాను. తాడెందుకు తెగిందని డాక్టరుగారు అడిగితే, కొట్టువాడు నాసిరకం అంటగట్టాడని చెప్పాను. అప్పుడు ఆవిడ పక్కనే మంచమ్మీద ఉంది, వింది.

ఏటా క్రిస్మసుకి కొత్తవలస వెళ్ళేవాణ్ణి, ఈసారి చెప్పేయాలని. ఆవిడ చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది, కేకు పెట్టేది, మనవల సంగతులు చెప్పేది, నేను తిని వచ్చేసేవాణ్ణి. ఏళ్ళు గడిచాక, కిందటి డిసెంబరులో, ఇక నాకూ రోజులు దగ్గరపడుతున్నాయన్న భయంతో, డాబా సంగతీ, సంచి సంగతీ, కొట్టువాడి మీద వేసిన నింద సంగతీ తల ఎత్తకుండా చెప్పేశాను. ఆవిడ టీ కప్పు నా వైపు జరిపి, "తెలుసు తమ్ముడూ. టీ తాగు, సల్లారిపోతంది" అంది. తిడితే బాగుండేది. తిట్టి ఉంటే బరువు దిగేది.

ఇప్పుడా గెడ్డ మీద వంతెన వచ్చింది. కొండ మీది ఊరి దాకా తారు రోడ్డు పడింది, బస్సు కూడా తిరుగుతోందట. మేం ఏ బురదలోంచి బయటపడాలని ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగామో, ఆ బురదని ఈ కుర్రాళ్ళు వెతుక్కుంటూ, డబ్బు పోసి, నవ్వుతూ వెళ్తున్నారు. వెళ్ళనీ, అది వాళ్ళ అదృష్టం. కానీ ఏ పూట సరదా ఆగి అవసరం మొదలవుతుందో ఎవరు చెప్పగలరు? ఒంటికి ఆరోగ్యం ఇమ్మని మనం ఏ దేవుడికి దణ్ణం పెడతామో, ఆ దేవుడి ఎండే గుడి బయట వాళ్ళ తాడు బలాన్ని పోగు పోగుగా తీసుకుపోతోంది. వాళ్ళు క్యూలోంచి తిరిగొచ్చేదాకా గంటకు పైనే పట్టింది. అప్పటిదాకా నేను నా గొడుగు విప్పి, జీపు ముందు నిలబడి, ఆ తాడుకి నీడ పట్టాను.